బిందె చప్పుడు ఆలస్యంగా వస్తోంది, కోర్సులో చేర్చమంటారా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఖాళీ దొరికితే లాప్‌టాప్‌లో బొమ్మలు గీసి కదిలిస్తూ ఉంటుంది. ఈమధ్య అరనిమిషం క్లిప్ ఒకటి చేసింది. పిల్లి పిట్టగోడ మీంచి దూకి స్టీలు బిందెను తన్నేస్తే, అది దొర్లుకుంటూ మెట్లు దిగుతుంది. చప్పుళ్ళు కూడా తనే రికార్డు చేసి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేర్చింది. మొదట్లో బాగానే ఉంది, పోనుపోను చప్పుడు వెనకబడిపోతోంది. నెల రోజులుగా అదే పని, ఇంట్లో బిందెలన్నీ సొట్టలు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళేమో ఇంటర్ మానేసి తమ దగ్గర ఏడాదిన్నర సౌండ్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఫీజు 2.8 లక్షలు. వాళ్ళ నాన్న ఇంజినీరింగ్ తప్ప ఇంకో మాట వినరు. క్లిప్ పంపిస్తున్నాను, చూసి చెప్పండి.

జవాబు: అమ్మా, డబ్బు మాత్రం ఇప్పుడు కట్టకండి. ఆ ఒక్కమాట ముందు చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

క్లిప్ నాలుగైదు సార్లు చూశాను. మొదటిసారి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో చూసి, పిల్లి దూకిన చప్పుడే ఆలస్యంగా వినిపిస్తే మీ అమ్మాయినే తప్పుపట్టబోయాను. తర్వాత వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పిల్లి దూకుడు అచ్చంగా సరిపోయింది. బ్లూటూత్‌లో శబ్దం చెవిదాకా రావడానికే సెకనులో పదోవంతో ఐదోవంతో పడుతుంది. వీడియో చూసే యాప్‌లు చాలావరకు బొమ్మను కూడా అంతే ఆపి సర్దుకుంటాయి గానీ, ఎడిటింగ్ దగ్గర ఆ సర్దుబాటు ఉంటుందని నమ్మకూడదు. కాబట్టి మొదటి ఖర్చు ఆ 2.8 లక్షలు కాదు, ఒక వైరు హెడ్‌ఫోన్. కోఠి గుజరాతీ గల్లీలో ఓ పూట తిరిగితే దొరుకుతుంది.

ఇక బిందె సంగతి. తప్పు రెండు రకాలుగా ఉంటుంది. చప్పుళ్ళన్నీ మొదటినుంచి చివరిదాకా ఒకే మోతాదులో వెనకబడితే ట్రాక్ మొత్తాన్ని ఒకేసారి ముందుకు జరిపితే సరిపోతుంది. మీ అమ్మాయిది అది కాదు. పిల్లి దూకినప్పుడు తేడా లేదు, బిందె మొదటి మెట్టు తాకేసరికి అరసెకను పైనే, చివరికి ఇంచుమించు 1.2 సెకన్లు. ఇలా పెరుగుతూ పోయే తేడా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) నడుస్తాయన్న లెక్కను. తను సెకనుకు 24 బొమ్మల లెక్కన గీసింది, క్లిప్‌తో పంపిన చీటీలో రాసింది కూడా. ఆ బొమ్మలను విడివిడిగా బయటికి తీసి వేరే ఎడిటింగ్ యాప్‌లో పేర్చింది. ఆ యాప్‌లో ప్రాజెక్టు 25కి పెట్టి ఉంది. మన దేశంలో టీవీ లెక్క 25 కదా, అదే ఎవరో పెట్టి వదిలేసి ఉంటారు. 720 బొమ్మలు 24 చొప్పున 30 సెకన్లు నడుస్తాయి, 25 చొప్పున 28.8 సెకన్లకే అయిపోతాయి. బొమ్మ పరుగెత్తింది, చప్పుడు పాత నడకే నడిచింది. తేడా సరిగ్గా ఆ 1.2.

చప్పుడును లాగి కురచ చేయొద్దని చెప్పండి. నాలుగు శాతం వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది, స్టీలు బిందె కాస్తా గిన్నెలా మోగుతుంది. ప్రాజెక్టును 24కి మార్చి బొమ్మను మళ్ళీ బయటికి తీస్తే చాలు, చప్పుళ్ళు వాటి చోట అవే కూర్చుంటాయి. చప్పుడు ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్‌లో చేయమనండి. ఎంపీత్రీగా మారిస్తే ఫైలు మొదట్లో కాస్త నిశ్శబ్దం అంటుకుంటుంది. సెకనుకు వచ్చే 48,000 శాంపిళ్ళను, అంటే శబ్దాన్ని కొలిచిన ముక్కలను, 24తో భాగిస్తే ఫ్రేముకు కచ్చితంగా 2,000, లెక్క కూడా తేలిక.

ఆడాసిటీలో బొమ్మ కనబడదు. అందుకే మీ అమ్మాయి ఫోన్‌లో వీడియో పెట్టుకుని, చెవితో అందాజాగా పేర్చినట్టుంది. చేతిలో లెక్క ఉండగా అందాజా ఎందుకు? బొమ్మను ఒక్కో ఫ్రేమే కదిపి, బిందె మెట్టును తాకిన ఫ్రేము నంబరు కాగితం మీద రాసుకోవాలి. యానిమేషన్ వాళ్ళు డోప్ షీట్ అనేది ఇలాంటిదే. తన క్లిప్‌లో మొదటి మెట్టు 409వ ఫ్రేము. మొదటి ఫ్రేము సున్నా దగ్గర మొదలవుతుంది కాబట్టి ఒకటి తీసేసి 408ని 24తో భాగిస్తే సరిగ్గా 17వ సెకను. ఆడాసిటీలో కింద సమయం చూపే చోట బాణం నొక్కితే 24 ఫ్రేముల లెక్క కూడా ఉంటుంది, దాన్ని ఎంచుకుని 17 దగ్గర కర్సర్ పెట్టి కంట్రోల్ బి కొడితే లేబుల్ పడుతుంది. అందులో "మెట్టు 1" అని రాసుకోవడమే. ఇలా ఏడు మెట్లకూ ఏడు లేబుళ్ళు.

ఆ తర్వాత చాలామంది చేసే పొరపాటు మీ అమ్మాయీ చేసింది. చప్పుడు ఫైలు మొదలును దెబ్బ తగిలే చోటుకు ఆనించింది. రికార్డు చేసిన ప్రతి చప్పుడుకూ ముందు కాస్త ఖాళీ ఉంటుంది, చేయి లేచిన గాలి, బట్టల రాపిడి. వేవ్‌ఫామ్‌ను, అంటే స్క్రీన్ మీద శబ్దాన్ని చూపే గీతను, పెద్దది చేసి చూస్తే గీత నిటారుగా లేచే చోటొకటి కనిపిస్తుంది. దెబ్బ తగిలింది అక్కడ. లేబుల్‌కు ఆనాల్సింది అదే. పిల్లి గాల్లో దూసుకెళ్ళే "హుష్" లాంటి వాటికి మాత్రం పద్ధతి వేరు. అది ముందే మొదలై, పిల్లి అన్నిటికంటే వేగంగా ఉన్న ఫ్రేములో పతాకస్థాయికి రావాలి.

ఎటూ తేలకపోతే చప్పుడును ఒక ఫ్రేము ఆలస్యంగా పెట్టమనండి, ముందు మాత్రం వద్దు. దూరంగా గ్రౌండ్‌లో ఆడుతుంటే బ్యాటు బంతిని తాకడం ముందు కనబడుతుంది, ఠక్కుమనడం తర్వాత వినబడుతుంది. పుట్టినప్పటి నుంచి మన చెవి ఆ వరసకే అలవాటు పడింది. 24లో ఒక ఫ్రేమంటే దాదాపు 42 మిల్లీసెకన్లు, ఆ కాస్తలో శబ్దం గాల్లో 14 మీటర్లు పోతుంది. సినిమా హాల్లో తెరకు 14 మీటర్ల దూరాన కూర్చున్నవాళ్ళు రోజూ ఒక ఫ్రేము ఆలస్యంగానే వింటున్నారు, ఎవరూ గోల చేయరు. అదే చప్పుడు ముందొస్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. అంతర్జాతీయ ప్రసార ప్రమాణాల్లోనూ ఈ పక్షపాతం ఉంది: ముందొస్తే 45 మిల్లీసెకన్లకే తెలిసిపోతుందని, ఆలస్యమైతే 125 దాకా తెలియదని లెక్క.

ఇవన్నీ వారం రోజుల్లో నేర్చుకునే సంగతులు. నేను అసలు చూసింది వేరే. చివర్లో బిందె నేల మీద గిర్రున తిరిగి నిలిచిపోతుంది కదా, అక్కడ మోత ఇంకా ఉండగానే తను కోసేసింది. ఆ తర్వాత అరసెకను ఏమీ లేదు. పిల్లి తోక ఒకసారి ఆడించి వెళ్ళిపోతుంది, దానికీ చప్పుడు పెట్టలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తోకకు కూడా "టింగ్" అని ఏదో ఒకటి తగిలిస్తారు. ఆ అరసెకను ఖాళీ చూసే మీకింత పొడుగు జవాబు రాస్తున్నాను. వెలితి ఒకటుంది. ఏడు మెట్లకూ ఒకే దెబ్బను ఏడుసార్లు అతికించింది, అందుకే చివరికి గడియారం కొట్టినట్టుంది. ఏడు వేర్వేరు దెబ్బలు రికార్డు చేయమనండి. బిందెలో నీళ్ళు పెంచుతూ పోతే మోత మందమవుతుంది, అదీ వాడుకోవచ్చు.

మరి ఇందులో బతుకుతెరువు ఉందా అంటే, ఉంది. అయితే హైదరాబాద్‌లో యానిమేషన్‌కు చప్పుళ్ళు పెట్టడమొక్కటే చేసి నెలజీతం తీసుకునేవాళ్ళు నాకు తెలిసి తక్కువ. ఛోటా భీమ్ పుట్టిన గ్రీన్ గోల్డ్ మన ఊరిదే, గేములు చేసే కంపెనీలూ ఉన్నాయి. అయినా ఎక్కువ పని దొరికేది సినిమాలు, సిరీస్‌ల డబ్బింగ్ థియేటర్లలో, ఎఫెక్ట్స్ రూముల్లో. ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ వైపు మొదటి రెండేళ్ళు అసిస్టెంటుగా రాత్రిళ్ళు పనిచేయాల్సి రావచ్చు, డబ్బులు కూడా తిప్పితిప్పి ఇస్తారు. ఆడపిల్ల రాత్రి ఇంటికెలా వస్తుందన్నది మీరు అడగాల్సిన ప్రశ్నే, మొహమాటపడకండి.

ఇంటర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మాన్పించొద్దు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ కోర్సు మూడేళ్ళది, డిగ్రీ అయ్యాక చేరేది. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలని అక్కడ అడుగుతూ వచ్చారు. కోల్‌కతాలో సత్యజిత్ రే పేరున్న సంస్థలోనూ సౌండ్ విభాగం ఉంది. బొమ్మల మీదే మనసుంటే మాసాబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో యానిమేషన్ బీఎఫ్ఏ డిగ్రీ ఉంది, ఎంట్రెన్స్ రాయాలి. వాళ్ళ నాన్నగారి మాట కూడా కొట్టిపారేయలేం. ఈసీఈలో చేరితే సిగ్నల్ ప్రాసెసింగ్ చదువుతారు, మీ అమ్మాయి స్క్రీన్ మీద రోజూ చూసే ఆ వేవ్‌ఫామ్ లెక్కలే అవి. ఈ మాట ఆయనకు క్లిప్ చూపిస్తూ చెప్పండి, విడిగా చెబితే వినరు.

ఇన్‌స్టిట్యూట్ వాళ్ళను అడగాల్సినవి మూడు. పోయిన ఏడాది పిల్లలు చేసిన పని చూపించండి. గ్యారంటీ అన్న ఉద్యోగం ఎక్కడ, ఎంత జీతం, కాగితం మీద రాసివ్వండి. ప్రో టూల్స్ మీద ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు కూర్చునే వీలుంది? మిక్సింగ్ థియేటర్లలో ఎక్కువగా నడిచేది ఆ సాఫ్ట్‌వేరే. ఏ ఒక్కదానికి నీళ్ళు నమిలినా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంట్లో నేర్చుకోవడానికి ఆడాసిటీ ఉచితమే. బొమ్మను చూస్తూ చప్పుడు పేర్చాలంటే డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత రూపం ఉంది, లాప్‌టాప్ కాస్త గట్టిదై ఉండాలి.

వేసవి సెలవుల్లో ఇంకో రెండు క్లిప్‌లు చేయనివ్వండి. నెట్ నుంచి దించుకున్న చప్పుళ్ళు వాడితే వాటి లైసెన్సు చదివి, ఎక్కడివో ఒక కాగితం మీద రాసిపెట్టుకోమనండి. తన క్లిప్‌లో పిల్లి అరుపు అలా తెచ్చిందే, దానికి పేరు వేయాలో లేదో తనకే తెలియదట. మూడు క్లిప్‌లూ కలిపి పంపండి, కోర్సు సంగతి అప్పుడు మాట్లాడదాం. ఈలోగా సొట్టపడ్డ బిందెల్లో ఒకటి తనకే ఇచ్చేసి, మిగతావి అటక మీద పెట్టేయండి. తనకిచ్చిన దాన్ని మాత్రం పాత సామాన్లవాడికి వేయకండి, ఆ ఏడు మెట్లూ మళ్ళీ రికార్డు చేయాలి.