విరుగుడు వేసే ముందు కిడ్నీ లెక్క కట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పలాసలో కిడ్నీ రోగులు చేరే ఆస్పత్రి అత్యవసర విభాగంలో చేరుతున్నావని మీ నాన్న చెప్పగానే నా గుండె నిండిపోయింది, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఉద్దానం నుంచి వచ్చేవారిలో రక్తం పలచబడే మాత్రలు వాడేవారూ ఉంటారు. వారికి రక్తస్రావమైతే ఏం చేయాలన్నదే నా బెంగ.

ఏ మందు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు అని అడగడం, మందు ఆపడం, రక్తం కారే చోట నొక్కి పట్టడం నీకు తెలిసినవే.

నా తప్పు విను. 78 ఏళ్ల అవ్వ, 42 కిలోల బరువు, రక్తం పలచబడే దబిగాట్రాన్ మాత్ర వాడుతూ, పేగుల్లో రక్తస్రావమై నల్లటి విరేచనాలతో వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.4 చూసి ఫరవాలేదనుకున్నాను. రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష ఐఎన్ఆర్ కొంచెమే పెరిగింది, మాత్ర వేసుకుని పగలంతా గడిచింది, కాబట్టి మందు చాలావరకు పోయుంటుందని రక్తం ఎక్కిస్తూ కూర్చున్నాను. వయసు, బరువు కలిపి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో లెక్క కట్టి ఉంటే ఆమె కిడ్నీల శుద్ధి నిమిషానికి 22 మిల్లీలీటర్లేనని తెలిసేది. ఆ మందులో దాదాపు 80 శాతం కిడ్నీల గుండానే పోవాలి; మామూలుగా 12 నుంచి 17 గంటలుండే దాని అర్ధాయువు అలాంటి కిడ్నీల్లో 27 గంటలకు చేరుతుంది. ఐఎన్ఆర్ ఆ మందును సరిగా పట్టుకోదని, దాన్ని పట్టుకునే థ్రాంబిన్ టైమ్ పరీక్ష చేయించాలని నాకు తట్టలేదు. తెల్లవారుజామున బీపీ పడిపోయింది. అప్పటికి విరుగుడు మా చేతికి రాలేదు. ఆ స్థితిలోనే మెడలో గొట్టం వేసి, రక్తం గడ్డకట్టకుండా మామూలుగా వాడే హెపారిన్ లేకుండా నాలుగు గంటలు డయాలిసిస్ చేశాము. రక్తం ఆగింది. గండం గడిచిందని ఇంటికి వెళ్లాను. కణజాలంలోని మందు తిరిగి రక్తంలోకి వచ్చి సాయంత్రానికి రక్తస్రావం మళ్లీ మొదలైంది. రెండోసారి డయాలిసిస్ తర్వాత ఆమె బతికింది. కానీ ఆ రాత్రి పోగొట్టిన గంటలు నావి, తల్లీ.

ఇప్పుడు దబిగాట్రాన్‌కు విరుగుడు ఇడారుసిజుమాబ్ ఉంది. కిడ్నీలు ఎంత చెడినా 5 గ్రాములే, తగ్గించకు. కణజాలంలోని మందు మళ్లీ రక్తంలోకి రావచ్చు గనుక అది ఇచ్చాక కూడా ఒక రోజు కనిపెట్టి ఉండు. రక్తం పలచబడే మిగతా మాత్రలు ఎపిక్సాబాన్, రివరాక్సాబాన్ మాత్రం రక్తంలోని ప్రోటీన్లను గట్టిగా పట్టుకుంటాయి గనుక డయాలిసిస్‌తో పోవు. విటమిన్ కె పనిని అడ్డుకునే ఎసిట్రోమ్ మాత్ర వాడే రోగికి విటమిన్ కె నెమ్మదిగా నరంలోకి ఇస్తూ పీసీసీ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ల గాఢమైన మందు) చూడు. దాని బదులు మూత్రం రాని మనిషికి లీటరు ప్లాస్మా ఎక్కిస్తే ఊపిరితిత్తులు నిండిపోతాయి. పీసీసీ ఇచ్చాక ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) మీద చెయ్యి పెట్టి థ్రిల్, అంటే రక్తం పారే అదురు, ఉందో లేదో గంటగంటకూ చూడు. గడ్డకట్టి అది మూసుకుపోతే ఆ మనిషికి డయాలిసిస్ దారే పోతుంది, నాకు అన్నిటికన్నా అదే భయం.

చేరే ముందురోజే స్టోరుకు వెళ్లి, ఈ మందుల్లో ఏవి ఉన్నాయో నీ కళ్లతో చూసి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుతాను.

మీ పెదనాన్న