బత్తాయి తినండమ్మా, థైరాయిడ్ మోతాదు మాత్రం చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 42. మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. నిరుడు ఆపరేషన్ చేసి గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయంటే మూడు నెలల కిందట ఈస్ట్రోజన్ మాత్రలు రాశారు. ఆవిర్లు తగ్గాయి కానీ నీరసం మొదలైంది. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. ఎప్పుడూ 3 దాటని టీఎస్‌హెచ్ ఇప్పుడు 9 వచ్చింది. హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు బత్తాయి తినకూడదంటున్నారు, మాకు ఆ తోటే ఉంది. ఫిట్స్‌కు కార్బమజెపైన్ వాడే మా అక్కకు కూడా ఆవిర్లు వస్తున్నాయి. నా మాత్రలు ఆమెకు ఇవ్వవచ్చా?

జవాబు: మీ తోట బత్తాయిలు నిశ్చింతగా తినండి. ఆ మాట గ్రేప్‌ఫ్రూట్ అనే వేరే పండు వల్ల పుట్టింది. పేగుల్లో మందును విరిచే ఎంజైమును అది అడ్డుకోవడంతో రక్తంలో ఈస్ట్రోజన్ పెరుగుతుంది. మన నల్లగొండ బత్తాయి తీపి నారింజ జాతిది, దానితో ఆ చిక్కు లేదు. పంపరపనస మాత్రం గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం, దాన్ని మానేయడమే మేలు.

అసలు చూడాల్సింది మీ టీఎస్‌హెచ్. రక్తపరీక్షలో ఈ అంకె పెరిగిందంటే ఒంటికి థైరాయిడ్ హార్మోన్ చాలడం లేదని అర్థం. మింగిన ఈస్ట్రోజన్ ముందుగా కాలేయానికి చేరి, థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను పెంచుతుంది. దాంతో ఒంటికి పనికొచ్చే హార్మోన్ తగ్గుతుంది. ఆరోగ్యమైన గ్రంథి అయితే ఇంకాస్త తయారుచేసి సర్దుకుంటుంది. మాత్ర మీదే ఆధారపడిన మీకు ఆ వీలు లేదు. ఈస్ట్రోజన్ మొదలుపెట్టిన రోజే ఈ సంగతి మీకు చెప్పి ఉండాల్సింది. మోతాదు మీ అంతట మీరు పెంచుకోకండి. డాక్టర్ మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకోవాలి. కాల్షియం బిళ్ల వాడుతుంటే రెంటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. చర్మానికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్ మీకు సరిపడుతుందేమో కూడా అడగండి, అది థైరాయిడ్‌ను ఇంతగా కదిలించదు.

భయపడి ఈస్ట్రోజన్ ఆపేయకండి. ఈ వయసులో అండాశయాలు పోతే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెకూ రక్షణ తగ్గుతుంది. వద్దనడానికి వేరే కారణం లేకపోతే యాభై ఏళ్లు వచ్చేదాకా వాడటం మంచిది. చిన్న వయసులోనే ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత ఎముకల గురించి ఒక్క మాటైనా వినని తల్లులను చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

మీ అక్కకు మాత్రం ఇవ్వకండి. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, తోడుగా ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ ఉండాలి. పైగా కార్బమజెపైన్ వల్ల కాలేయం ఈస్ట్రోజన్‌ను తొందరగా విరిచేస్తుంది, మందు పట్టదు. ఫిట్స్‌కే వాడే ఫెనిటాయిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా అంతే. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, కాలేయ జబ్బు ఏ ఒక్కటి వచ్చి ఉన్నా ఈ మాత్రలు ప్రమాదం. ఆమెను తన ఫిట్స్ మందుల చీటీతో గైనకాలజిస్టు దగ్గరికి పంపండి.

మీకు ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.