61 ఏళ్ళ వయసులో కెమెరా పట్టుకుని ఆఫ్రికా వెళ్ళొచ్చా?

"నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వయసు 61. బీపీ మాత్ర వేసుకుంటాను, మోకాళ్ళు అప్పుడప్పుడు సతాయిస్తాయి. ఆఫ్రికా వెళ్ళి సింహాలు, జీబ్రాల ఫోటోలు తీయాలని ఎన్నాళ్ళుగానో కోరిక. పిల్లలేమో ఈ వయసులో ఇవన్నీ ఎందుకంటున్నారు. వెళ్ళొచ్చా?" అని అడిగారు.

వెళ్ళొచ్చు సార్. నాది ఒంగోలు. హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాకే పాస్‌పోర్టు తీసుకున్నాను. మా వారు రారు, ఆయనకు ఇల్లూ పేపరూ చాలు. నేను మాత్రం లేహ్ వెళ్ళొచ్చాను, కెన్యాలో మసాయి మారా అనే అడవి జంతువుల పార్కు చూశాను. రెండిట్లో నాకు సుఖంగా గడిచింది కెన్యాలోనే. లేహ్ మన దేశమే కదా, ఏముందిలే అనుకుంటాం గానీ అది 3,500 మీటర్ల ఎత్తు. విమానంలో దిగిన మొదటి రెండు రోజులూ గదిలో పడుకోవాల్సిందే, లేకపోతే తలనొప్పి, వాంతులు. మారా 1,500 మీటర్లకు కాస్త పైన ఉంటుంది, ఊపిరికి ఇబ్బంది లేదు. సఫారీలో నడక కూడా ఉండదు. జంతువుల దగ్గర జీపు దిగనివ్వరు.

కాబట్టి మోకాళ్ళ కన్నా నడుము సంగతి చూసుకోండి. అక్కడి మట్టి దారుల కుదుపులకు డ్రైవర్లు 'ఆఫ్రికన్ మసాజ్' అని పేరు పెట్టి నవ్వుతారు. వెనక సీటు కుర్రవాళ్ళకు వదిలేసి మధ్య సీటులో కూర్చోండి. నడుముకు బెల్టు ఉంటే తీసుకెళ్ళండి.

మీ వయసుకు అసలు ఆలోచించాల్సింది ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా గురించి. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకోవాలి. మనకు దగ్గరంటే చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. ఒకసారి వేయించుకుంటే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అయితే 60 దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్ళలో తీవ్రమైన దుష్ప్రభావాలు, అరుదే అయినా, కుర్రవాళ్ళలో కన్నా ఎక్కువ. అందుకే టికెట్ కొనకముందే మీ డాక్టరుతో మాట్లాడండి. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడగండి. టీకా వద్దని డాక్టరు అంటే కెన్యా ఆలోచన మానేయండి, ఆఫ్రికా మానక్కర్లేదు. నమీబియా, బోట్స్వానా, దక్షిణాఫ్రికాలో ఎల్లో ఫీవర్ లేదు. కాకపోతే చౌకగా వస్తోందని ఇథియోపియాలోని అడిస్ అబాబా, కెన్యాలోని నైరోబీ మీదుగా టికెట్ తీసుకుంటే దారిలోనే ఆ సర్టిఫికెట్ గొడవ మళ్ళీ మొదలు కావచ్చు.

ఎప్పుడు వెళ్ళాలి? టూర్ల వాళ్ళందరూ జూలై నుంచి అక్టోబరు అంటారు. వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింక జాతి జంతువుల మందలు మారా నది దాటేది అప్పుడే. నిజమే గానీ ఆ రోజుల్లో నది ఒడ్డున మందల కన్నా జీపులే ఎక్కువ కనిపిస్తాయి. పైగా 2024 నుంచి విదేశీయులకు పార్కు ఫీజు జూలై-డిసెంబరులో రోజుకు 200 డాలర్లు, జనవరి-జూన్‌లో 100 డాలర్లు. సింహాలూ చిరుతపులులూ ఎక్కడికీ పోవు, ఏడాదంతా అక్కడే ఉంటాయి. నన్నడిగితే ఫిబ్రవరి మంచిది. ఏప్రిల్, మే మాత్రం వద్దు, వానలకు దారులు బురదవుతాయి. ఏ నెలలో వెళ్ళినా స్వెట్టర్ పెట్టుకోండి, పొద్దున్నే చలి వేస్తుంది. మన ఒంగోలు, నెల్లూరు వాళ్ళం ఎప్పుడూ మరిచిపోయేది అదే!

కొచ్చిలో టీ కొట్టు నడుపుతూ, అప్పు చేసి తిరిగొచ్చి తీరుస్తూ పాతిక దేశాలు చూసిన విజయన్, మోహన దంపతుల కథ మీరూ వినే ఉంటారు. వాళ్ళకు దణ్ణం పెడతాను గానీ, పెన్షన్ మీద బతికేవాళ్ళకు అప్పు చేసి ప్రయాణం చేయమని చెప్పలేను.

ఇక కెమెరా. మోచేయంత పొడవైన లెన్సులు చూసి మోజుపడకండి. 600 ఎంఎం ప్రొఫెషనల్ లెన్సు ఒక్కటే మూడు కిలోల దాకా తూగుతుంది. నాది బ్రిడ్జ్ కెమెరా, అంటే దూరానివి దగ్గరగా చూపే లెన్సు దానికే అతికి ఉండేది. సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4, నికాన్ పీ950 లాంటివి కిలోకు అటూ ఇటూ ఉంటాయి, లెన్సు మార్చే పని లేదు కాబట్టి దుమ్ము లోపలికి పోదు. చీకటి పడ్డాక తీస్తే ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి, అంతవరకు ఒప్పుకోవాలి. వ్యూఫైండర్ పక్కన డయాప్టర్ అని చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పి మీ చూపుకు సరిచేసుకుంటే కళ్ళజోడు తీసి పెట్టే బాధ తగ్గుతుంది. షాపువాళ్ళు దాని సంగతి చెప్పరు. జీపులో ట్రైపాడ్ పనికిరాదు. ఖాళీ గుడ్డ సంచి తీసుకెళ్ళి, అక్కడ బియ్యమో చిక్కుడు గింజలో కొని నింపి, కిటికీ మీద పెట్టి దానిపై కెమెరా ఆనించండి. బ్యాటరీలు, బీపీ మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. నైరోబీ నుంచి మారాకు చిన్న విమానంలో వెళితే లగేజీ 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. ఇంకొకటి, కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. గోంగూర పచ్చడి స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

ఆఫ్రికా కన్నా ముందు, సాధన కోసం నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళండి. 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ మీకు దగ్గరే, చెన్నై హైవే మీద దొరవారి సత్రం దగ్గర. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పక్షి సాధారణంగా గాలికి ఎదురుగానే పైకి లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. కాబట్టి గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే పక్షి మీ వైపే వస్తుంది, పొద్దున్నే సూర్యుడూ వెనకే ఉంటే ఇంకా మంచిది. కెమెరా షట్టర్ వేగం 1/2000, అంటే సెకనులో రెండు వేలవ వంతు దగ్గర పెట్టండి. ఒక గూటి దగ్గరే గంటసేపు ఉండండి, పది చోట్లకు పరిగెత్తకండి. గంట కూర్చోలేకపోతే మారాలో కూడా కూర్చోలేరు. సింహం రోజులో ఎక్కువసేపు నిద్రపోతూనే ఉంటుంది మరి. అలా ఒక సీజనంతా తిరిగాక, నడుము ఓర్చుకుంటోందో లేదో మీకే తెలుస్తుంది.

పిల్లల సంగతి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ ఉందని తప్పకుండా రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచిపెడితే క్లెయిము రాదు. ఆ పాలసీ కాపీ, లాడ్జి ఫోన్ నంబరు, విమానాల వివరాలు వాళ్ళ చేతిలో పెట్టి, ఫలానా తేదీన బయల్దేరుతున్నానని చెప్పండి. మా అమ్మాయి కూడా మొదట్లో ఒప్పుకోలేదు, ఇప్పుడు ఫోటోలు ఎప్పుడు పంపుతావని తనే అడుగుతుంది.