ముక్కల లెక్క ఎవరు పెట్టాలి?

అమ్మాయీ,

మామయ్య ఆశీస్సులు. హార్త్‌స్టోన్ అనే ఆన్‌లైన్ కార్డుల ఆటలో నీ చేతిలో ఓడిన స్నేహితుడు, నువ్వు కార్డుల లెక్క పెట్టే ట్రాకర్ అనే ప్రోగ్రాం పెట్టుకున్నావని తెలిసి "ఇది మోసం" అన్నాడని రాశావు. ఉంచుకోవాలా, తీసేయాలా అని అడిగావు. ముందు మన ఇంటి సంగతి ఒకటి విను.

సంక్రాంతి సెలవుల్లో పదమూడు ముక్కలాట ఆడుతుంటే మా పెద్దనాన్న ఒకసారి చొక్కా జేబులోంచి చీటీ తీసి, పడిన ముక్కలన్నీ రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇస్పేటు ఏడు, కళావరు రాజు, ఇలా వరసగా. రెండో ఆటకే అందరూ ముక్కలు కింద పెట్టేశారు. ఆయన రాసుకున్నవి అందరి కళ్లెదుట పడినవే, రహస్యం ఏమీ లేదు. అయినా ఎవరూ ఒప్పుకోలేదు. గుర్తుపెట్టుకోవడమే అక్కడ సగం ఆట మరి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు ఈ ఆటనే, అంటే రమ్మీని, నైపుణ్యం ప్రధానమైన ఆటగా తేల్చినప్పుడు చెప్పిన కారణాల్లోనూ, పడిన ముక్కల్ని జ్ఞాపకం ఉంచుకోవలసి రావడం ఒకటి.

బ్రిడ్జి అనే పేకాట నియమాలు కూడా మా వాళ్ల పక్షమే. ఆట మధ్యలో జ్ఞాపకానికి సాయపడే వస్తువేదీ వాడకూడదు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే మరో కార్డుల ఆట పోటీల్లో మాత్రం ఆడుతూనే నోట్సు రాసుకోవచ్చు. అందుకే "కాగితం మీద రాసుకోగలిగిందే కదా తెర మీద కనిపిస్తోంది" అని నువ్వు చేసిన వాదన నాకు సగమే నచ్చింది. ఆ కాగితాన్ని ఏ ఆటలో, ఎవరి ముందు తీస్తున్నావన్నది కూడా చూడాలి.

నీ ట్రాకర్ విషయానికొస్తే, ఆట నీ కంప్యూటర్‌లోనే రాసిపెట్టే లాగ్ ఫైళ్లను చదివి, నీ 30 కార్డుల్లో ఇంకా ఏవి మిగిలాయో, అవతలివాళ్లు ఏవి వాడారో, చేతిలో ఉన్న కార్డు ఏ వంతులో వచ్చిందో చూపిస్తుంది. ఎదుటివాళ్ల చేతిలోకి తొంగిచూడదు. ఆట తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ ఇలాంటివాటికి అడ్డు చెప్పలేదు. కాబట్టి మోసం అనే మాట తప్పు. కానీ నీ స్నేహితుడు ఆడింది ఐఫోనులో. ఆ ఫోనులో ఆట తెర మీద ఇలా లెక్క చూపే పట్టీ వేసే వీలే లేదు. అతని ఉక్రోషంలో అంతమాత్రం న్యాయముంది.

గీత ఎక్కడ గీయాలో నాకు అర్థమైంది మాత్రం 2014లో జరిగిన ఒక సంగతి వల్ల. ఎలీ బర్స్‌టైన్ అనే భద్రతా పరిశోధకుడు వేలకొద్దీ ఆటల రికార్డుల మీద కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చి, ప్రత్యర్థి తరవాత వేయబోయే కార్డులను ఊహించే సాధనం చేశాడు. దాన్ని బయటపెట్టవద్దని బ్లిజార్డ్ వాళ్లు కోరారు, ఆయన మానుకున్నాడు. చూసినదాన్ని గుర్తుచేయడం వేరు, చూడనిదాన్ని నీ బదులు ఊహించి చెప్పడం వేరు. పోకర్‌లో ప్రత్యర్థి పాత ఆటల అలవాట్లను శాతాలుగా లెక్కగట్టి చూపే పట్టీలున్నాయి. కొన్ని సైట్లు వాటిని పూర్తిగా నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం మన దేశంలో నిషేధించింది కాబట్టి ఆ గొడవ నీకెలాగూ వద్దు.

ఇక నువ్వు చేయవలసింది. తెలిసినవాళ్లతో ఆడేటప్పుడు ట్రాకర్ ఉందని ఆటకు ముందే చెప్పు. ఓడాక తెలిస్తే ఎవరికైనా మండుతుంది. పోటీకి పేరిస్తే నిర్వాహకులను ముందే అడుగు. వారంలో రెండు రోజులు ఆ పట్టీని తెర మీద కనబడకుండా దాచేసి ఆడు. ఆట సగానికి వచ్చాక ఏయే కార్డులు మిగిలాయో కాగితం మీద రాసి, అయ్యాక ట్రాకర్‌తో సరిచూసుకో. మొదట్లో నాకు పదికి నాలుగు కూడా సరిగ్గా వచ్చేవి కావు. సిగ్గేసింది గానీ, ఆట అప్పటినుంచే బాగుపడింది.

ఆదివారం నాతో ఆడేటప్పుడు మాత్రం దాన్ని ఆపేసి రా. నా దగ్గరున్నదీ ఐఫోనే.

మీ మామయ్య