సగం పేజీ తెల్లగా ఉంటే అది నవలేనా సార్?

*పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ తెలుగు సారు జవాబులు*

ప్రశ్న: మా పాప ఏడో తరగతి, ఇంగ్లీష్ మీడియం. స్కూలు లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు నవల తెచ్చి రెండు సాయంత్రాల్లో అవగొట్టింది. తీసి చూస్తే నాలుగు మాటలకో లైను, మిగిలిందంతా తెల్ల కాగితమే. వియత్నాం నుంచి అమెరికా పోయిన పిల్ల కథట. ఇది నవలనా, కవిత్వమా? పెద్ద పుస్తకాలు తప్పించుకునే ఉపాయం కాదు గదా? తెలుగులో ఇట్లాంటివి ఉన్నాయా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: పాపను ఏమీ అనకండమ్మా. ఆమె చదివింది నవలే. కథ ఉంది, మనుషులున్నారు, మొదలూ తుదీ ఉన్నాయి. కాకపోతే కవిత వెనక కవితగా నడుస్తుంది. మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది థాన్హా లాయ్ రాసిన ‘ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్’ అయి ఉంటుంది. 2011లో వచ్చింది, ఆ ఏడే అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే నేషనల్ బుక్ అవార్డు తెచ్చుకుంది. 1975లో, వియత్నాం యుద్ధం చివర్లో, సైగాన్ నగరం శత్రువుల చేతికి పోతుంటే హా అనే పదేండ్ల పిల్ల తల్లితో, అన్నలతో ఓడెక్కి, చివరికి అమెరికాలోని అలబామా చేరుతుంది. పెంచుకున్న బొప్పాయి చెట్టు దూరమైపోతుంది. అలబామాలో ఎవరో ప్రేమకొద్దీ ఎండబెట్టిన బొప్పాయి ముక్కలిస్తే, ఆ పిల్ల నోట్లో పెట్టుకుని, ఇది బొప్పాయి కాదని పారేస్తుంది. బతుకుదెరువుకు ఊరిడిసిన పాలమూరు ఇండ్ల పిల్లలకు ఈ ఘట్టం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక తెల్ల కాగితం సంగతి. నేను మునుగోడు దిక్కు పనిచేసేటప్పుడు ఎనిమిదో తరగతి వాళ్లకు ‘నిన్న మా ఇంట్లో’ అని రాసుకురమ్మన్నాను. ఒక పిల్లగాడు ఒక్కటే వాక్యం తెచ్చాడు: ‘నిన్న మా కొత్త బోరు మోటరు వేస్తే నీళ్లు రాలేదు, గాలి వచ్చింది.’ మీ నాయిన ఎట్ల నిలబడ్డడో అట్ల రాయి బిడ్డా, తొందరేం లేదు అన్నాను. బోర్డు మీద రాశాడు:

మోటరు మోగింది
నాన్న పైపు మూతి కాడ
చెయ్యి పెట్టి నిలబడ్డడు
గాలి వచ్చింది
గాలే వచ్చింది

పదమూడు మాటలు. ‘గాలి వచ్చింది’ అన్నప్పుడు ఇంకా ఆశ ఉంది, వెనక నీళ్లొస్తాయేమోనని. కింది లైనుకు దిగేంతసేపు మనమూ ఆ పైపు కాడ నిలబడతాం. మీరు చూసిన తెల్ల కాగితం అట్లా నిలబడే జాగ. తొందరగా తిప్పేస్తే పుస్తకం రెండు సాయంత్రాల్లో అయిపోతుంది, నిజమే. పాపను ఏదో ఒక పేజీ పైకి చదివి వినిపించమనండి. లైను చివర ఆగుతుందా, రైలుబండిలాగా పోతుందా? ఆగితే ఆమెకు అందినట్టే.

ఇది ముగిసింది కాబట్టి ఇంకొకటి చెప్తాను: కేరెన్ హెస్ రాసిన ‘అవుట్ ఆఫ్ ద డస్ట్’. 1930ల ఓక్లహోమా కరువు, ఎర్రదుమ్ము తుఫాన్లు, ఎండిన గోధుమ చేలు. 1998లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది. తల్లికి జరిగే ప్రమాదం ఘోరంగా ఉంటుంది, అందుకని ముందు మీరు చదవండి. బడిలో ఆటల పిచ్చి ఉన్న మగపిల్లలుంటే క్వామే అలెగ్జాండర్ బాస్కెట్‌బాల్ నవల ‘ద క్రాస్‌ఓవర్’ చూపించమనండి.

తెలుగులో? ఇట్లా పిల్లల కోసమనే రాసినవి నేను దుకాణాల్లో అడిగితే చేతికొచ్చింది తక్కువ. కానీ కథను పాదాల్లో చెప్పడం మనకు కొత్తదని మాత్రం అనుకోకండి. రంగనాథ రామాయణం 13వ శతాబ్దపుది. దాన్ని రాశాడని చెప్పుకునే గోన బుద్ధారెడ్డి వంశం ఏలింది వర్ధమానపురం, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా నందివడ్డెమాను. మొత్తం ద్విపద. తోలుబొమ్మలాట వాళ్లు తెర వెనక పాడుకున్నది దాన్నే. రెండేసి పాదాలు, పిల్లలు కూడా గుక్క తిప్పుకోవచ్చు. గురజాడ ‘పూర్ణమ్మ’ ఇంకా తేలిక, భాష అడ్డురాదు. అయితే అది ముసలాయనకు కట్టబెట్టిన చిన్నపిల్ల చావు కథ. పాపకు ఇచ్చి వంటింట్లోకి పోకండి, పక్కన కూర్చోండి.

ప్రశ్న: పద్యం అనగానే మా తొమ్మిదో తరగతి పిల్లలు ‘పరీక్షలో వస్తదా సార్’ అంటారు. రాదంటే పుస్తకం మూసేస్తారు. ఏం చేయాలి?
– ఒక తెలుగు టీచరు, అచ్చంపేట

జవాబు: వాళ్లది తప్పు లేదు మాస్టారూ, మనం అట్లానే అలవాటు చేశాం. మొదటి పదేండ్లు నేనూ ప్రతిపదార్థంతోనే మొదలుపెట్టేవాణ్ని. రెండు పీరియడ్లు అర్థాలు రాయించాక ఒక అమ్మాయి లేచి ‘సార్, వీళ్లు ఎందుకు కొట్లాడుతున్నరు?’ అంది. కథ చెప్పడమే మరిచిపోయాను!

మీ పక్క లింగాల మండలంవాడే దర్శనం మొగులయ్య, 2022లో పద్మశ్రీ అందుకున్న పన్నెండు మెట్ల కిన్నెర (తీగల వాద్యం) కళాకారుడు. ఆయన పాడే పండుగ సాయన్న కథ వీడియో ఫోన్లో దొరుకుతుంది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడి కథ, అదీ పాలమూరు కథ. పెట్టి, సాయన్నకు ఆపద ముంచుకొచ్చే చోట ఆపేయండి. తర్వాతేమైందని అరుస్తారు. రేపు చెప్తానని గంట కొట్టేదాకా వేరే పాఠం చెప్పండి. మర్నాడు కథ ముగించాకే ‘ఈ మాట ఇక్కడెందుకు రెండుసార్లు పాడిండు?’ అని అడగండి. పద్యం పుస్తకం ఆ తర్వాత తెరవండి. ఛందస్సు ఇంకా తర్వాత. గణాలు వేళ్ల మీద లెక్కపెట్టడం కొందరికి ఆటగానే ఉంటుంది, వాళ్లను ఆపొద్దు.

ప్రశ్న: నేను ఇంటర్ ఫస్టియర్. మా తాత మీద కథలాగా ఒక పొడుగు కవిత రాసి పంపుతున్నాను. ప్రతి లైనుకూ ప్రాస ఉండాల్నా?
– ఒక విద్యార్థి, దేవరకొండ

జవాబు: అక్కర్లేదు తమ్మీ. నువ్వు ప్రాస అంటున్నది లైను చివర కలిపేది, అంత్యప్రాస. మన పద్యంలో ప్రాస రెండో అక్షరం మీద ఉంటుంది. ద్విపదకు అది కావాలి, కానీ అది కూడా లేకుండా రాస్తే మంజరీ ద్విపద అని పేరుపెట్టి మరీ ఒప్పుకున్నారు మనవాళ్లు. నీ కవితలో తాత గొంగడి మీద కూర్చుని చుట్ట వెలిగించే చోటు బాగుంది, అగ్గిపుల్ల గాలికి రెండుసార్లు ఆరిపోవడం మరీ బాగుంది. మూడో పేజీలో మాత్రం ‘కన్నీరు’కు జోడీ కావాలని ‘పన్నీరు’ తెచ్చావు. మీ తాత ఇంట్లో పన్నీరు బుడ్డి ఎన్నడు చూసినవ్? ఆ లైను కొట్టేసి మళ్లీ పంపు.