ఫార్మాట్ నొక్కకు బిడ్డా

నల్లగొండ,
గురువారం

బిడ్డా,

మిల్లు లెక్కలున్న కంప్యూటర్‌లో డి డ్రైవ్ తెరుచుకోవడం లేదని రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తున్నావు, నేను నిద్రమత్తులో ఉన్నాను. ఇద్దరం సరిగా మాట్లాడుకోలేదు. "పిల్ల అన్నం తిన్నదో లేదో అడగవు, డి డ్రైవ్, డి డ్రైవ్ అంటవు" అని మీ అత్త నా మీద కోపం చేసింది. కాబట్టి ముందు తిను. తిన్నాక ఇది మొత్తం చదువు. అప్పటిదాకా ఆ కంప్యూటర్‌ను నువ్వూ ముట్టకు, మిల్లులో ఇంకెవరినీ ముట్టనీయకు.

నువ్వు పంపిన ఫొటోలో "డి డ్రైవ్ ఈజ్ నాట్ యాక్సెసిబుల్, యాక్సెస్ ఈజ్ డినైడ్" అని ఉంది. నీకు అది పిడుగులా కనిపించి ఉంటుంది గానీ, నాకైతే ప్రాణం లేచి వచ్చింది. ఆ మాట వచ్చిందంటే డ్రైవ్ విండోస్‌కు కనిపిస్తోంది, దానితో మాట్లాడుతోంది. నిన్ను లోపలికి రానివ్వడం లేదు, అంతే. ఇల్లు కాలలేదు, తలుపుకు తాళం పడింది. అదే "ఈ డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని వచ్చి ఉంటే నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు కాకపోయినా, ఎప్పుడైనా ఆ ఫార్మాట్ డబ్బా వస్తే క్యాన్సిల్ నొక్కు. మా కంప్యూటర్ రిపేరు దుకాణానికి వచ్చిన కేసుల్లో సగం డేటా సాఫ్ట్‌వేర్ వల్ల పోలేదు, భయంలో నొక్కిన ఆ ఒక్క బటన్ వల్ల పోయింది. క్విక్ ఫార్మాట్ అయితే ఫైళ్ల జాబితా మాత్రమే కొత్తగా రాస్తుంది, పాత ఫైళ్లు కొంతవరకైనా వెతికి తీయొచ్చు. ఫుల్ ఫార్మాట్ చేస్తే, విండోస్ విస్టా నుంచి అది డిస్క్ నిండా సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు.

ఇక నీ సంగతి. లెక్కలు గుమాస్తా చూడకుండా ఫోల్డర్లకు తాళం వేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏదో వేశానన్నావు. వేసిన మరుసటి రోజే డి డ్రైవ్ తెరుచుకోలేదు. అనుమానం దాని మీదే, అది నిజం. కానీ వెంటనే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలనుకుంటున్నావు చూడు, అది మాత్రం వద్దు. ఇలాంటి కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైళ్లను దాచడమే కాదు, ఎన్‌క్రిప్ట్ కూడా చేస్తాయి, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేని గుర్తులుగా మార్చేస్తాయి. తాళం వేసినవాడిని వెళ్లగొడితే తాళంచెవి వాడి జేబులోనే పోతుంది. ముందు ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, నువ్వు పెట్టిన పాస్‌వర్డ్‌తోనే అన్‌లాక్ చేయి. ఫైళ్లు కనిపిస్తే వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకో. కట్ చేయకు, కాపీ చేయి. అంతా అయ్యాకనే దాన్ని తీసెయ్యి.

దానికంటే ముందు ఒక చిన్న పని. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశానన్నావు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా పడుకోదు, లోపలి డ్రైవర్ల స్థితిని దాచుకుని పొద్దున మళ్లీ అదే స్థితితో లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. నవ్వకు, సగం ఫోన్లకు నా సమాధానం ఇదే.

రీస్టార్ట్‌తో పని కాకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాటుకుంటూ పోయి, మళ్లీ రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కు. మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకు, అది బిట్‌లాకర్, డిస్క్‌కు విండోస్ వేసే తాళం. ఆ కంప్యూటర్‌ను ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టారో, చాలావరకు అందులోనే ఆ కీ దొరుకుతుంది. సేఫ్ మోడ్‌లో బయటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు లేవవు. అక్కడ డి డ్రైవ్ తెరుచుకుందంటే దొంగ దొరికినట్టే.

నా తప్పొకటి చెప్తా విను. విండోస్ ఎక్స్‌పీ రోజులవి, క్లాక్ టవర్ వెనక సందులో దుకాణం. దేవరకొండ నుంచి ఒక ఫొటో స్టూడియో ఆయన సీపీయూను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, నచ్చక తీసేశాడట. అప్పటి నుంచి మై కంప్యూటర్‌లో సీడీ డ్రైవే లేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 39. నేను పెద్ద డాక్టర్‌లా డ్రైవ్ పోయిందన్నాను, కొత్తది అమ్మాను. కొత్తదీ కనిపించలేదు! మూడు రోజులు తల పట్టుకున్నాక అర్థమైంది. ఆ సాఫ్ట్‌వేర్ డ్రైవ్‌కూ విండోస్‌కూ మధ్య తన కావలివాడిని పెట్టింది. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే చోట వాడి పేరు రాసింది. సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు కావలివాడు పోయాడు గానీ పేరు పోలేదు. లేనివాడు దొరక్క విండోస్ డ్రైవ్‌నే పక్కన పెట్టింది. ఆ రెండు పేర్లు చెరిపి రీస్టార్ట్ చేస్తే పాత డ్రైవే లేచి కూర్చుంది. కొత్త డ్రైవ్ డబ్బులు తిరిగి ఇచ్చాను. ఆయన మాత్రం మళ్లీ వచ్చినప్పుడు సంచెడు బత్తాయిలు తెచ్చాడు. సిగ్గుతోనే తిన్నా.

ఇది ఎందుకు చెప్పానంటే, వీడియోల్లో ఎవరో "ఫిల్టర్స్ డిలీట్ చేయండి" అంటారు, నువ్వు హార్డ్ డిస్క్‌కు కూడా అదే చేస్తావేమోనని. అది సీడీ డ్రైవ్ వరకే. హార్డ్ డిస్క్ దగ్గర ఆ జాబితాలో విండోస్ సొంత మనుషులే ఉంటారు. వాళ్లను చెరిపితే డి డ్రైవ్ సంగతి దేవుడెరుగు, విండోసే లేవకపోవచ్చు.

సేఫ్ మోడ్‌లో కూడా డినైడ్ అనే వస్తే, డ్రైవ్ ఓనర్ పేరు మారిందేమో చూడాలి. విండోస్ మనల్ని పేరుతో గుర్తుపెట్టుకోదు, ప్రతి యూజర్‌కు ఒక పొడవాటి నంబర్ ఇస్తుంది. విండోస్ మళ్లీ వేసి అదే పేరు పెట్టుకున్నా నంబర్ కొత్తదే, దానికి నువ్వు పరాయిదానివే. డి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లు. పైన ఓనర్ పక్కన ఛేంజ్ ఉంటుంది, అక్కడ నీ యూజర్ పేరు ఇచ్చి, లోపలి ఫోల్డర్లకు కూడా వర్తించే టిక్కు పెట్టు. తర్వాత నీ పేరుకు ఫుల్ కంట్రోల్ ఇవ్వు. సి డ్రైవ్ మీద మాత్రం ఈ ప్రయోగం ఎన్నడూ చేయకు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఫొటో తీసి నాకు పంపు. డి దగ్గర ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లను సర్దుకునే పద్ధతి పేరు) అని ఉంటే నిశ్చింత. "రా" (RAW) అని ఉంటే, అంటే ఆ సర్దుబాటు విండోస్‌కు అర్థం కాకపోతే, అక్కడే ఆపెయ్. అప్పుడు చాలామంది చెక్ డిస్క్ నడపమంటారు. డేటా కాపీ తీయకముందు నేను నడపను. అది జాబితాను బాగు చేస్తుంది గానీ నీ ఫైళ్ల మీద దానికి ప్రేమేమీ లేదు, అతకని ముక్కలను కత్తిరించి పక్కన పడేస్తుంది. డిస్క్‌లోంచి టక్ టక్‌మని చప్పుడు వస్తే ఇదంతా సాఫ్ట్‌వేర్ గొడవే కాదు. వెంటనే కరెంటు తీసెయ్యి.

ఏదీ కాకపోయినా నా దగ్గర ఉబుంటు పెన్‌డ్రైవ్ ఉంది, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అందులో ఉంటుంది. దానితో కంప్యూటర్ లేపితే విండోస్ వేసిన ఓనర్ తాళాలను లైనక్స్ పట్టించుకోదు, ఫైళ్లు తీసి బయటి డిస్క్‌లో పెట్టుకోవచ్చు. ఎన్‌క్రిప్ట్ అయినవాటిని మాత్రం అదీ తెరవలేదు. అందుకే ఆ పాస్‌వర్డ్ ఎక్కడ రాసుకున్నావో ఇప్పుడే వెతుకు.

20వ తేదీలోపు జీఎస్టీ 3బి రిటర్న్ వేయాలని నీ భయం, నాకు తెలుసు. కాటా చిట్టీలు, కొనుగోలు బిల్లులు కాగితాల మీద ఉన్నాయి కదా, పోయిన నెల ట్యాలీ లెక్కల బ్యాకప్ ఆడిటర్ దగ్గర ఉందేమో అడుగు. ఉంటే అందులోంచి మొదలుపెట్టొచ్చు. గుమాస్తా లెక్కలు చూస్తున్నాడనుకుంటే విండోస్‌లో అతనికి వేరే యూజర్ చేసిద్దాం, పాస్‌వర్డ్ నీ దగ్గర పెట్టుకో. ఈ తాళాల సాఫ్ట్‌వేర్లు ఇంకెందుకు?

ఆదివారం పొద్దున బస్సెక్కి మిర్యాలగూడ వస్తున్నా. 1 టీబీ బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని ఉంచు, బిల్లు మిల్లు పేరు మీద తీసుకో. మీ అత్త సకినాలు కట్టిస్తానంటోంది.

మామ