నవల ‘నన్ను’ చదివించవచ్చా?

సందేహం: మాస్టారికి నమస్కారం. విశాఖపట్నంలో మేం పది పన్నెండు మందిమి నెలకో ఆదివారం ఒకరింట్లో కూర్చుని, అందరం చదివిన ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఎం.వి.పి. కాలనీలో మా ఇంట్లో కలిశాం. పుస్తకం ఒక మామూలు కుటుంబం కథ. గుమాస్తా ఉద్యోగం చేసే తండ్రి, రూపాయి రూపాయి లెక్కపెట్టే తల్లి, ముగ్గురు పిల్లలు, రెండు గదుల వాటా, మధ్యలో పెద్దపిల్ల పెళ్ళి. నా వంతు వచ్చినప్పుడు “ఈ నవల నన్ను ఆపకుండా చదివించింది” అన్నాను. మాలో రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరున్నారు. ఆయన నవ్వి, “నిన్ను చదివించింది మీ నాన్నగారమ్మా, ఫీజులు కట్టి. ప్రాణం లేని పుస్తకం ఎవరిచేతా ఏ పనీ చేయించలేదు. ఇది ఇంగ్లీషు పోకడ” అన్నారు. ఇంకో అమ్మాయి “పాత్రలతో మమేకమైపోయాను” అంటే “మమైకం అనాలి” అని దిద్దారు. ‘ఒక సాధారణ కుటుంబం కథ’ అని కాగితం మీద రాసుకొచ్చిన కుర్రాణ్ణి మాత్రం ఏమీ అనలేదు. టీ చల్లారిపోయింది గానీ వాదన తేలలేదు. తప్పెవరిది?

సమాధానం: హెడ్మాస్టరుగారి చెవికి మీ వాక్యంలో ఏదో తేడాగా వినిపించింది. అంతవరకు ఆయన చెవి మంచిదే. తేడా ఎక్కడుందో చెప్పడంలో మాత్రం పొరపడ్డారు.

ప్రాణం లేనివి పని చేయించవన్న మాట ముందు తేల్చేద్దాం. ఉల్లిపాయ ఏడిపిస్తుంది. పచ్చిమిరపకాయ గ్లాసుడు నీళ్ళు తాగిస్తుంది. సింహాచలం మెట్లు ఆయాసం తెప్పిస్తాయి. మే నెలలో మన ఊరి ఉక్క, ఫ్యాను కింద కూర్చున్నవాడికి కూడా చెమటలు పట్టిస్తుంది. ఆకలి ఎంత పనైనా చేయిస్తుంది. ఈ మాటలు ఇంగ్లీషు చదివి నేర్చుకున్నవి కావు, ఇంగ్లీషు ముక్క రాని మా నాయనమ్మ రోజూ అన్నవే. ఒకడు పని చేస్తే, ఆ పని వాడిచేత చేయించేదాన్ని చెప్పడానికి ధాతువు చివర ‘ఇంచు’ చేరుతుంది. దీన్నే చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘ఇంచుక్’ అన్నాడు. చేయించేవాడికి ఊపిరి ఉండి తీరాలన్న షరతు వ్యాకరణంలోనూ లేదు, వాడుకలోనూ లేదు. కాబట్టి నవల చదివిస్తుంది, నిక్షేపంగా.

అసలు ముడి ‘నన్ను’ దగ్గర ఉంది.

మా వీధికి పెదజాలారిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఉంది. మొన్న వంజరాలు తూస్తూ, “పెద్దగుంటని డిగ్రీ సదివిత్తన్నాం బాబూ, సిన్నగుంటడు ఇంటర్లో ఉన్నాడు” అంది. గుంట అంటే ఇటువైపు ఆడపిల్ల. ఆవిడ వాక్యం చూడండి. ‘గుంటని’ అంది, ‘గుంటచేత’ అనలేదు. చదివే చదువు డిగ్రీ, చదివే మనిషి గుంట, రెండూ కర్మల్లాగే నిలబడ్డాయి. ఇప్పుడు ‘డిగ్రీ’ తీసేసి ‘నవల’ పెట్టండి. “మా అమ్మాయిని నవల చదివిస్తున్నాను.” కుదరలేదు కదా? “మా అమ్మాయిచేత నవల చదివిస్తున్నాను” అంటేగానీ నోరు ఒప్పుకోదు. అదే క్రియ, అదే అమ్మాయి. డిగ్రీ అయితే ‘ని’, నవల అయితే ‘చేత’.

ఎందుకిలా? ‘చదువు’ అనే మాట కాస్త వదిలేస్తే చాలు, బడి వైపు పరుగెడుతుంది. “మీరు పేపరు చదివారా?” అంటే పేపరు సంగతే. “మీరు చదువుకున్నారా?” అంటే బడికి వెళ్ళారా అని అడిగినట్టు. చదువురానివాడు, చదువుకున్నవాడు, పెద్ద చదువులు, అన్నీ బడిలోంచి వచ్చినవే. ‘చదివించు’ కూడా అంతే. ‘ను’ విభక్తితో మనిషిని పక్కన పెట్టుకోగానే దానికి ‘చదివేట్టు చేయడం’ అన్న అర్థం వెనక్కి పోయి, ‘చదువు చెప్పించడం, ఆ ఖర్చు భరించడం’ అన్న అర్థం ముందుకొస్తుంది. హెడ్మాస్టరుగారికి చప్పున ఫీజులు గుర్తుకొచ్చింది ఇందుకే. ఆయన చెవి విన్నది సరైనదే, నోరు చెప్పిన కారణమే వేరు.

మిగతా క్రియలతో పోల్చి చూస్తే ఇంకా తేటపడుతుంది. కర్మ అక్కర్లేని క్రియలకు ‘ను’ సహజం: పిల్లాణ్ణి నవ్వించాడు, నడిపించాడు, ఏడిపించాడు. కర్మ ఉన్నవాటికి ‘చేత’: వాడిచేత లెక్కలు చేయించాడు, ఉత్తరం రాయించాడు. తిండికీ చూపుకీ మాత్రం ‘కు’: బిడ్డకు అన్నం తినిపించింది, చందమామను చూపించింది. తినిపించడం ఒక రకంగా ఇవ్వడమే గనక ‘కు’ వచ్చిందని నేననుకుంటాను. సంస్కృతంలోనూ ఇలాంటి విభజన ఉంది. వెళ్ళడం, తెలియడం, తినడం, వేదం చదవడం లాంటి క్రియల్లో ఆ పని చేసేవాడే ప్రేరణలో, అంటే చేయించడం చెప్పేటప్పుడు, కర్మ అయిపోతాడని పాణిని ఒక సూత్రమే కట్టాడు. విష్ణువు బ్రహ్మ‘ను’ వేదం చదివించాడు అన్నది దానికి పాఠశాలల్లో చెప్పే ఉదాహరణ. మన చేపలావిడ గుంటని డిగ్రీ చదివించడానికి పాణిని అనుమతి అవసరం లేదనుకోండి, అయినా ఉంది.

కాబట్టి మీ సమావేశంలో ఎవరైనా “ఈ నవల నన్ను ఏడిపించింది” అని ఉంటే ఎవరూ నవ్వి ఉండరు. “నన్ను ఆలోచింపజేసింది” అన్నా నవ్వరు. (‘ఆలోచించు’లో ముందే ఒక ‘ఇంచు’ ఉంది కనుక దానికి ఇంకో ఇంచు తగిలించలేక ‘చేయు’ను అరువు తెచ్చుకున్నాం.) “నన్ను చదివించింది” దగ్గరే నవ్వొస్తుంది.

మరి “నాచేత చదివించింది” అందామా? వ్యాకరణానికి అభ్యంతరం లేదు. కానీ ‘నాచేత’ అనగానే బలవంతం వాసన వేస్తుంది. మా తాతగారు సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి నాచేత రోజుకో అధ్యాయం చదివించేవారు. బయట గోళీలాట నడుస్తుండేది. ఆ ‘చేత’లో ఆ గోళీల చప్పుడంతా ఉంది. ఇష్టపడి చదివిన నవలకు అది నప్పదు. అందుకే తెలుగువాళ్ళు తెలివిగా మనిషినే తీసేశారు: “ఆపకుండా చదివించింది”, “చివరిదాకా చదివించింది.” ‘చదివించే గుణం’ అని సమీక్షకులు ఎప్పటినుంచో రాస్తున్నదీ ఇదే. మీ వాక్యంలో ‘నన్ను’ కొట్టేస్తే చాలు, గీటుపెట్టడానికి ఇంకేమీ ఉండదు.

ఒక సరదా సంగతి చెప్పి ముందుకు పోతాను. హెడ్మాస్టరుగారు ‘మీ నాన్నగారు’ అన్నారు గానీ, “నన్ను చదివించింది” అన్నప్పుడు తెలుగు చెవికి ముందు వినబడవలసింది అమ్మ. మన భాషలో ఏకవచనంలో ఆడవాళ్ళకీ వస్తువులకీ క్రియ ఒకటే: అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. మగవాడికే ‘వచ్చాడు’. నాన్నయితే ‘చదివించాడు’ అనో, గౌరవంగా ‘చదివించారు’ అనో ఉండాలి. మీరన్న ‘చదివించింది’లో అమ్మా దూరగలదు, నవలా దూరగలదు. పైగా ‘నవల’ అంటే పాత కావ్యాల్లో స్త్రీ అనే అర్థం. కందుకూరి వీరేశలింగం 1878లో ‘వివేకవర్ధని’లో రాజశేఖర చరిత్రాన్ని మొదలుపెట్టినప్పుడు దాన్ని వచన ప్రబంధం అన్నారు. అదీ ఒక ఇంటి కథే, ఉన్నదంతా పోగొట్టుకున్న ధవళేశ్వరం సంసారం కథ. దాన్ని విమర్శించిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ‘కొత్త విశేషాలను గ్రహించేది’ అని వ్యుత్పత్తి చెప్పి ‘నవల’ అన్నారు. విమర్శకుడు పెట్టిన పేరే నిలిచింది.

మీరు చెప్పిన కథలో పెద్దపిల్ల పెళ్ళి ఉందన్నారు. అక్కడ చదివింపులు కూడా ఉండే ఉంటాయి. ‘చదివించు’కు మూడో అర్థం అదే. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. పెళ్ళి పందిట్లో ఒకాయన నోటుపుస్తకం, పెన్నూ పట్టుకుని కూర్చునేవాడు. ఇచ్చినవాళ్ళ పేరు, ఇచ్చినదీ గట్టిగా చదివేవాడు. ఇచ్చినవాళ్ళు తమ కానుకను అందరికీ వినబడేట్టు చదివించేవారు. ఆ చదివించడం నుంచే ‘చదివింపులు’ వచ్చాయి. ఇప్పుడు పైకి చదవడం పోయింది, కవరు చేతిలో పెట్టి ఫొటో దిగి భోజనాలకు వెళ్ళిపోతున్నాం. అయినా “నువ్వెంత చదివించావు?” అని ఇంటికొచ్చాక అడుగుతూనే ఉన్నాం. ఇక్కడ చదివేవాడి ఊసే లేదు, ‘చేత’ లేదు, ‘ను’ లేదు. ‘చదివించు’ అంటే ‘కానుక ఇవ్వు’ అని స్థిరపడిపోయింది.

మా అక్క పెళ్ళినాటి పుస్తకం నా దగ్గరుంది. అట్ట ఊడిపోయింది. మా అమ్మ చేతిరాత. ఇత్తడి చెంబు 1, స్టీలు గ్లాసులు 6, నూటపదహార్లు, మళ్ళీ నూటపదహార్లు, గోడ గడియారం 1. కొన్ని పేర్లకు ఎదురుగా ఎర్రసిరాతో టిక్కు ఉంటుంది. వాళ్ళింట్లో పెళ్ళి జరిగి మేం తిరిగి చదివించేశాం అన్న గుర్తు. టిక్కు లేని పేర్లు మూడున్నాయి. ఆ మూడింటి గురించి మా అమ్మ చివరిదాకా బెంగపడింది. ఒక మామూలు సంసారం లోపల ఏముంటుందో నాకు ఆ పుస్తకం చెప్పినంతగా ఏదీ చెప్పలేదు. అందుకే ఆ ఇంటి కథ మీకు ఆపకుండా సాగిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక మమేకం. ఇక్కడ హెడ్మాస్టరుగారి సంధి సరైనదే: ఏక + ఏక ‘ఏకైక’ అయినట్టు మమ + ఏకం ‘మమైకం’ కావాలి. అయితే సంధి దిద్దితే మాట బాగుపడుతుందా? ‘మమ’ అంటే నాయొక్క, ‘ఏకం’ అంటే ఒకటి. ‘నాయొక్క ఒకటి’ అయిపోవడం అంటే ఏమిటి? మమైకం సంధికి నిలుస్తుంది, అర్థానికి నిలవదు. నా అనుమానం వేరు. భగవద్గీత 18వ అధ్యాయం 66వ శ్లోకంలో ‘మామేకం శరణం వ్రజ’ అని ఉంది. మామ్ ఏకం, అంటే ‘నన్నొక్కణ్ణే’. హరికథల్లో, ప్రవచనాల్లో వినీవినీ ఆ ‘మామేకం’ దీర్ఘం పోగొట్టుకుని మన నోళ్ళలో ‘మమేకం’ అయి ఉంటుంది. పండితుల మాట కావాలంటే ‘తాదాత్మ్యం’ ఉంది, తప్పులేని మాట. కానీ గుమాస్తా ఇంటి కథ గురించి చెబుతూ తాదాత్మ్యం దాకా పోవడమెందుకు? ఆ అమ్మాయి “వాళ్ళింట్లో మనిషినైపోయాను” అంటే ఎంత బాగుండేది! మమేకం ఇప్పటికి పత్రికల్లో పాతుకుపోయింది కనుక ఎవరైనా అంటే నేను పళ్ళికిలించను, నా రాతలో మాత్రం రానివ్వను.

చివరికి ఆ కుర్రాడి ‘సాధారణ కుటుంబం’. దీన్నెవరూ పట్టించుకోలేదన్నారు గానీ, నా లెక్కన ఆరోజు కాస్త దిద్దవలసింది దీన్నే. ‘సాధారణంగా’ అన్న క్రియావిశేషణం మనకు బాగా అలవాటు, ‘సాధారణ ఎన్నికలు’, ‘సాధారణ సెలవు’ కూడా. ఇవన్నీ ఆఫీసు కాగితాల వాసనే. మనుషుల్ని గురించి మాట్లాడేటప్పుడు అదే మాట పెడితే ఇల్లు కాస్త దస్త్రంలా కనబడుతుంది. ‘సామాన్యులు’ అంటే కొంత నయం, అందులో గొప్పవాళ్ళు కాదన్న అర్థం ఉంది. మీరు ఉత్తరంలో వాడిన ‘మామూలు’ ఇంకా నయం. అరబ్బీ నుంచి వచ్చి మన ఇంట్లో మనిషైపోయింది, కాకపోతే బహువచనంలో లంచమవుతుంది, జాగ్రత్త. ‘మధ్యతరగతి’ అనువాదంగా పుట్టినా స్థిరపడింది. జనం నిజంగా అనే మాటలు ఇవేవీ కావు. “మాలాంటివాళ్ళం”, “ఉన్నవాళ్ళమూ కాదు, లేనివాళ్ళమూ కాదు”, “ఏదో గుట్టుగా లాక్కొస్తున్నాం” అంటారు. ఆ కుర్రాడు తన కాగితం మీద ‘సాధారణ కుటుంబం’ కొట్టేసి ‘మాలాంటి వాళ్ళిల్లు’ అని రాసుకోవచ్చు.

హెడ్మాస్టరుగారికి నా నమస్కారాలు చెప్పండి. వచ్చే నెల టీ మాత్రం వేడిగా ఉండగానే తాగేయండి.